బావా, ఇంజెక్షన్ వేయించుకునే ముందు ఇది చదువు

ఏరా బావా,

నిన్న రాత్రి ఫోన్లో "ప్రోస్టేట్ క్యాన్సరేనట రా, వచ్చే వారం నుంచి ఇంజెక్షన్లట" అని నువ్వు ఊరుకున్నావు. నేనూ నాలుగు ధైర్యం మాటలు చెప్పి పెట్టేశాను. తర్వాత నిద్ర పట్టలేదు. ఏడాదిన్నరగా ఇదే ఇంజెక్షన్ వేయించుకుంటున్నవాణ్ణి, నీకు పనికొచ్చేది ఏం చెప్పాను? అందుకే పొద్దున్నే కాగితం తీశాను.

ముందుగా వచ్చేవి ఆవిర్లు. మొదటి ఇంజెక్షన్ అయిన నెలకి, అన్నం తింటూంటే గుండెల మీద కుంపటి పెట్టినట్టయింది. ఆ సెగ మెడ మీదుగా చెవుల దాకా పాకి, బనీను తడిసి ముద్దయి, రెండు నిమిషాల్లో వణుకు. గుండెపోటే అనుకున్నాను. నీ చెల్లెలు తువ్వాలు తెచ్చిచ్చి, "ముట్లుడిగినప్పుడు నాకు రెండేళ్ళు ఇలాగే ఉండేది. చలేస్తోంది, ఫ్యాన్ కట్టెయ్ అనేవారు మీరు" అంది. కోపంగా కాదు, మామూలుగానే. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

నూలు బట్టలు కట్టుకో, మంచం పక్కన మంచినీళ్ళు పెట్టుకో, వేడి టీ, కారం తగ్గించు. అయినా తట్టుకోలేకపోతే మందులున్నాయి, మొహమాటపడకుండా డాక్టర్ని అడుగు.

ఈ క్యాన్సర్ మగ హార్మోన్ మీద బతుకుతుంది, ఇంజెక్షన్ దాన్ని ఆపేస్తుంది. అయితే ఎముకలూ కండలూ కూడా ఆ హార్మోన్ మీదే ఆధారపడి ఉంటాయి కదా. అందుకే ఎముకలు గుల్లబారతాయి, కండ కరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, షుగరు ఎక్కుతుంది. ఏ కారణం లేకుండా ఏడుపొస్తుంది. అది పిరికితనం కాదురా, మందు చేసే పని. డెక్సా స్కాన్ అని ఎముకల గట్టిదనం చూసే పరీక్ష ఒకటుంది. మొదట్లోనే చేయించుకో. కాల్షియం, డి విటమిన్ ఎంత వేసుకోవాలో అడుగు. రోజూ నడువు, కానీ నడక ఒక్కటే చాలదు, బరువులెత్తాలి. నేను రెండు లీటర్ల నీళ్ళ సీసాలతో మొదలుపెట్టాను. నీరసంగా ఉన్న రోజు కూడా పది నిమిషాలు చేస్తే ఒంట్లోకి ఓపిక వస్తోంది.

హైదరాబాదులో నీకు ఈ స్కానూ, ఫిజియోథెరపిస్టూ అరగంట దూరంలో ఉంటారు. నాకు స్కాన్ కావాలంటే నరసన్నపేట నుంచి విశాఖ వెళ్ళాలి. రేడియేషన్ ఇరవై సిట్టింగులు, వారానికి ఐదు రోజులు. అక్కడే గది అద్దెకి తీసుకున్నాం. పెన్షన్ ఉంది కాబట్టి గడిచింది.

అక్కడ హాల్లో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. మందస దగ్గర జీడితోట ఆయనది. జబ్బు వెన్నులోకి పాకాక బయటపడింది. నన్ను చాటుకి పిలిచి, "మాస్టారూ, మీకూ ఒళ్ళు మండిపోతాదా?" అనడిగాడు. మూడు నెలలుగా జ్వరమనుకుని బిళ్ళలు మింగుతున్నాడట. ఇది వైద్యం వల్ల వచ్చేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆయనకి ఇంజెక్షన్లు కాదు, ఆ మగ హార్మోన్ తయారయ్యే వృషణాలే తీసేశారు. వైద్యంగా చూస్తే అందులో తక్కువేం లేదు. అలా చేస్తే ఈ క్యాన్సర్ అణుగుతుందని షికాగోలో చార్లెస్ హగిన్స్ 1941లోనే చూపించాడు, 1966లో నోబెల్ ఇచ్చారు. ఒకసారి చేయించుకుంటే మూడు నెలలకోసారి ప్రయాణం, ఖర్చు ఉండవు. కానీ రెండు దారులున్నాయని నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఆయన చేత సంతకం పెట్టించారు, అంతే. నాకు కడుపు మండేది అక్కడే బావా.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. అది లేకపోతే ఆయనకి ఆపరేషనే లేదు. కానీ రైలు చార్జీలు, తోడొచ్చే కొడుకు పోగొట్టుకునే కూలి, ప్యాడ్లు ఇవన్నీ ఎవరు పెట్టాలి? ఆయనకి మూత్రం కారుతుంది. పాత పంచె మడతలు పెట్టి కట్టుకుంటాడు. పలాస నుంచి జనరల్ బోగీలో వస్తాడు, జనాన్ని దాటుకుని బాత్రూమ్ దాకా వెళ్ళలేక ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తాడు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మంట ఇంకా ఎక్కువవుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మా ఇద్దరి ఒళ్ళూ పడే బాధ ఒకటే. నాకు చెప్పేవాళ్ళున్నారు, ఆయనకి లేరు.

మూత్రం మధ్యలో ఆపుకుంటే లోపల బిగుసుకునే కండరం ఉంటుంది చూడు, దాన్ని ఐదు సెకన్లు బిగించి వదలాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలా. మూత్రం పోసేటప్పుడు మాత్రం కాదు. ఆయనకి బెంచీ మీదే నేర్పాను. నువ్వూ ఇప్పటినుంచే మొదలుపెట్టు.

పడక సంగతి రాయాలంటే చెయ్యి ఆగుతోంది, అయినా రాస్తాను. కోరిక పోతుంది. ఓపీలో పక్కన ముగ్గురు పేషెంట్లు నిలబడి ఉంటే ఏమడుగుతాం? నేను ఆర్నెల్లు అడగలేదు. దూరంగా పడుకునేసరికి నీ చెల్లెలు తన తప్పేదో ఉందనుకుంది. నువ్వు అలా చెయ్యకు. ఈ ఉత్తరం అక్కయ్యకి ఇచ్చి చదవమను, డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి.

ఇంకొకటి. ముందు ముందు మగ హార్మోన్‌ని ఇంకా అణచడానికి అబిరాటెరోన్ అనే మాత్ర రాస్తే, ఖాళీ కడుపుతో రోజుకి నాలుగు, వెయ్యి మిల్లీగ్రాములు వేసుకోమంటారు. 2018లో అదే షికాగో డాక్టర్లు 72 మంది మీద చేసిన ట్రయల్ వచ్చింది. కొవ్వు తక్కువున్న టిఫిన్‌తో ఒకే మాత్ర, అంటే 250 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో కూడా పీఎస్ఏ, అంటే ఈ జబ్బు ఎలా ఉందో రక్తంలో చూసే లెక్క, దాదాపు అంతే తగ్గిందట. సొంతంగా తగ్గించేసుకోకు, ఇది డాక్టర్ తేల్చాల్సిన సంగతి. కానీ పెద్దాయనలాంటి వాళ్ళకి ఖర్చు నాలుగో వంతుకి దిగితే, అది మందు వేసుకోవడానికీ మానేయడానికీ మధ్య తేడా. అందుకే ఆయన డాక్టర్ని అడుగుదామని చీటీ మీద రాసి పెట్టుకున్నాను.

వచ్చే మంగళవారం నాకు ఇంజెక్షన్, ఆయనకి చెకప్. వ్యాయామం, నీళ్ళ సంగతి పెద్ద అక్షరాలతో రాశాను, కొడుకు చదివి వినిపిస్తాడు. ప్యాడ్లు రెండు ప్యాకెట్లు కొని సంచిలో పెట్టాను. నీ రిపోర్టులు వాట్సాప్‌లో పంపు. డెక్సాకి ఏ రోజు ఇచ్చారో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

నీ బావ