ఇటుక ముక్క పెట్టిన మేడంకు కృతజ్ఞతలు

మేడం, మీ పేరు నాకు తెలియదు. ఏ స్కూలు పీఈటీయో (వ్యాయామ టీచరో) ఆ రోజు అడగాలని కూడా తోచలేదు.

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జిల్లా స్థాయి స్కూలు పోటీలు. పొద్దున ఖోఖో, ఎండ నెత్తికెక్కాక కబడ్డీ ఆడి, మోకాళ్ల దుమ్ము దులుపుకోకుండానే లాంగ్ జంప్‌కు వచ్చాను. రెండు జంపులూ ఫౌల్. రెండుసార్లూ ఎర్ర జెండానే. కాలు మోపి ఎగరాల్సిన బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు. నా బొటనవేలు దాన్ని దాటిపోతూనే ఉంది. మిగిలింది ఒక్క జంపు.

"ఆగు బిడ్డా. దూకుడు మంచిగనే ఉంది, పరుగు మొదలుపెట్టే చోటే తప్పు" అన్నారు మీరు. పక్కన నేల మీద గీత గీసి, అదే బోర్డు అనుకోమని, అక్కణ్నుంచి ఎదురు దిక్కుకు పరుగెత్తించారు. పదమూడో అడుగు పడ్డ దూరాన్ని కొలిచి, రన్‌వే పక్కన ఇటుక ముక్క పెట్టారు. అక్కణ్నుంచి పరుగెత్తి దూకాను. ఫౌల్ కాలేదు, తెల్ల జెండా లేచింది! పతకం రాలేదు, ఆ జెండా మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

వెళ్లేటప్పుడు ఇంకో మాటన్నారు: "ఇన్ని ఆటలు ఆడుతున్నవ్, డిగ్రీ అయినంక బీపీఈడీ చెయ్." వ్యాయామ టీచరయ్యేందుకు చదివే ఆ చదువు పేరే మా ఇంట్లో ఎవరూ వినలేదు. చేశాను మేడం. ఇప్పుడు నేనూ పీఈటీనే.

మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఫౌలై ఏడుస్తుంటే, నా కళ్లు ఇటుక ముక్క కోసమే వెతికాయి.

ఇది మీ కంట పడితే ఒక్క కబురు పంపండి. వచ్చి మీ కాళ్లకు దండం పెట్టుకుంటాను.