మన రోడ్డు మీదికి లైట్ రైలు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

నిరుడు ఇదే సమావేశంలో చదివిన నివేదికలో లైట్ రైలు సంగతి చిట్టచివర, "ఇతర విషయాలు" కింద రెండు వాక్యాల్లో ముగిసింది. ఈ ఏడాది మిగతా పనులన్నీ ఆ రెండు వాక్యాల వెనక నిలబడాల్సి వచ్చింది. వీధిదీపాల మరమ్మతు, గ్రంథాలయానికి కొత్త బీరువాలు, వాననీటి కాలువల పూడికతీత జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి ఇచ్చే జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టడం లేదు.

ముందు ఒక సందేహం తీర్చాలి. "లైట్" అంటే తేలిక అనుకుని, వచ్చేది కాస్త పొడుగాటి బస్సేనని చాలామంది ధీమాగా ఉన్నారు. 1972లో అమెరికా రవాణా అధికారులు ఖాయం చేసిన పేరిది. వీధుల్లో పట్టాల మీద తిరిగే పాత ట్రాముకూ పూర్తిస్థాయి మెట్రోకూ నడుమ నిలిచే వ్యవస్థ అని వాళ్ల ఉద్దేశం. ముప్పై మీటర్ల బండి ఖాళీగా ఉన్నప్పుడే నలభై టన్నుల దాకా తూగుతుంది. ఇందులో తేలిక ఏమీ లేదు. కొత్తదనం కూడా అంతంతమాత్రమే. మద్రాసు వీధుల్లో 1895లోనే కరెంటు ట్రాములు తిరిగాయి, 1953లో ఆగిపోయాయి. ఫ్రాన్స్‌లోని నాంత్ నగరం 1958లో పాత ట్రామును వదిలించుకుని, 1985లో మళ్లీ కొత్తగా పట్టాలు వేయించుకుంది. పీకేసిన పట్టాలనే మళ్లీ వేసుకునే పని చాలా ఊళ్లు చేశాయి.

రోడ్డు కింద ఏముంది?

ప్రాజెక్టు వాళ్ల తొలి అవగాహన సమావేశానికి మనవాళ్లు బాగానే వచ్చారు. తెర మీద బండి బొమ్మ వేసి, ఏ రంగు బాగుంటుందో చెప్పమన్నారు. వెనక వరుసలో ఒకావిడ లేచి, "రంగు సరేనండి, రోడ్డు కింద ఉన్న మంచినీటి పైపును ఎటు జరుపుతారు?" అని అడిగారు. వేదిక మీదివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ ఏడాది మన సంఘం చేసిన అసలు పని.

పట్టాల కింద పైపు ఉండిపోతే, అది పగిలిన రోజున బండ్లు ఆపి కాంక్రీటు బద్దలు కొట్టాలి. అందుకే పట్టాలు పరవకముందే నీళ్లు, మురుగు, గ్యాస్, కరెంటు, ఫోను తీగలు అన్నింటినీ పక్కకు తప్పిస్తారు. నగరాలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 2011 నాటికి నడవాల్సిన ట్రాము 2014 మే 31న గాని కదల్లేదు. 545 మిలియన్ పౌండ్లనుకున్న ఖర్చు 776 మిలియన్లకు చేరింది. అంత ఖర్చుపెట్టీ మొదట అనుకున్న చివరి స్టేషను దాకా వెళ్లలేకపోయారు, ఆ మిగిలిన ముక్క 2023లో పూర్తయింది. గుత్తేదారులతో తగాదాలు సహా కారణాలు చాలా ఉన్నాయి గానీ, భూమిలోని గొట్టాల తరలింపు అంచనాలను దాటిపోవడం వాటిలో ముఖ్యమైనది. దీనిపై వేసిన విచారణ కూడా 2014లో మొదలై 2023లో నివేదిక ఇచ్చింది. ట్రాము కన్నా విచారణే నిదానంగా నడిచిందని అక్కడివాళ్లు అనుకుంటే తప్పు పట్టలేం. కెనడాలోని వాటర్‌లూలో 2016లో ప్రధాన వీధిని తవ్వుతుంటే, దాదాపు రెండు వందల ఏళ్ల కిందట చెట్ల దుంగలు పేర్చి వేసిన రోడ్డు బయటపడింది.

మన రోడ్డు కింద దుంగలు లేకపోవచ్చు. కానీ పటంలో లేని పైపులు ఉన్నాయని మనలో చాలామందికి తెలుసు. అందుకే సంఘం హాలు గోడకు పెద్ద తెల్లకాగితం అంటించి, రోడ్డు గీత ఒక్కటే గీసి వదిలేశాం. ఎవరికి ఏది గుర్తుంటే అది పెన్సిలుతో గీయమన్నాం. మొదటి వారం ఎవరూ ముట్టుకోలేదు. రెండో వారం, నీటి సరఫరాలో ఫిట్టరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన వచ్చి, కళ్లజోడు సర్దుకుని, మలుపు దగ్గర నుంచి పాత బావి దాకా ఒక వంకర గీత గీశారు. "ఇది పోత ఇనుప గొట్టం. నేను చేరేనాటికే పాతది. మూసేశామన్నారు, మూయలేదు" అన్నారు. అది చూసి మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. నెల తిరిగేసరికి కాగితం మీద జాగా మిగల్లేదు. కొన్ని గీతలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, రెండు కుటుంబాల మధ్య చిన్న వాగ్వాదం కూడా జరిగింది. దాని వివరాలు నివేదికకు ఎక్కించడం లేదు.

ఆ కాగితం ఫోటోలు ఇచ్చినప్పుడు ప్రాజెక్టు ఇంజినీరు మర్యాదగా తీసుకుని పక్కన పెట్టారు. తరవాత మలుపు దగ్గర పరీక్ష కోసం గొయ్యి తవ్వినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. నడుము లోతు దిగాక పలుగుకు ఖంగుమని తగిలింది. చేతులతో మట్టి తీస్తే, తుప్పుతో ఉబ్బిన ఇనుప గొట్టం, దాని అతుకు దగ్గర చెమ్మ. పెద్దాయన గీతకూ దానికీ మూరెడు తేడా. అధికారుల పటంలో ఆ చోట ఏమీ లేదు. ఆ ఇంజినీరు అప్పటికప్పుడు ఫోను చేసి అసలు కాగితమే కావాలన్నారు. నకలు తీసుకునే ఇచ్చాం. మన అనుభవం మనకుంది.

ఇనుప గొట్టాల విషయంలో మరో భయం ఉంది. ఈ బండ్లు సాధారణంగా 750 వోల్టుల డీసీ (ఎప్పుడూ ఒకే దిశలో ప్రవహించే) కరెంటుతో నడుస్తాయి. పైన తీగ నుంచి వచ్చిన కరెంటు పట్టాల గుండానే తిరిగి వెళ్తుంది. దారిలో కొంత నేలలోకి జారితే దగ్గర్లోని ఇనుప పైపును పట్టుకుని ప్రయాణిస్తుంది, ఆ పైపును వదిలే చోట దాన్ని కొరికేస్తుంది. పట్టాలకు రబ్బరు తొడుగు వేసేది అందుకే. తొడుగు వేస్తామని మాటగా చెప్పారు, కాగితం మీద ఇంకా ఇవ్వలేదు. ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాం.

సుద్దముక్కతో గీసిన రైలు

ఏడాదిలో బాగా నచ్చిన కార్యక్రమం ఏదంటే పిల్లలందరూ ఒకే పేరు చెబుతారు. ఒక ఆదివారం ఉదయం పక్కవీధికి అడ్డంగా తాడు కట్టి, టేపు పట్టుకుని ముప్పై మీటర్ల పొడవు, రెండు మీటర్ల అరవై అయిదు సెంటీమీటర్ల వెడల్పు కొలిచి నేల మీద బండి బొమ్మ గీశాం. తలుపులు, సీట్లు పిల్లలు గీశారు. పెద్దవాళ్లు మొదట నవ్వుతూ చూశారు, కాసేపటికి వాళ్లూ లోపల నిలబడ్డారు. ఆ గీతల మధ్య నిలబడితేగాని అది ఎంత పొడవో ఎవరికీ తలకెక్కలేదు.

తరవాత బండి ముక్కు దగ్గర నుంచి ఆగడానికి పట్టే దూరం కొలిచాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి మామూలు బ్రేకుతో ఆగాలంటే దాదాపు 80 మీటర్లు కావాలి. అత్యవసర బ్రేకుతో త్వరగా ఆగుతుంది గానీ, లోపల నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు. ఇనుము మీద ఇనుము జారుతుంది మరి. పట్టు కోసం చక్రాల ముందు ఇసుక రాల్చే ఏర్పాటు ఈనాటికీ ఈ బండ్లలో ఉంటుంది. ఎనభయ్యో మీటరు దగ్గర సుద్దగీత గీసేసరికి మేం వీధి చివర, స్తంభం దాకా వచ్చేశాం. వెనక్కి తిరిగి చూస్తే బండి బొమ్మ చిన్న మరకలా కనిపించింది. అందరూ ఒక్క క్షణం మాట్లాడలేదు. పక్కకు తప్పుకోవడం బస్సుకు చేతనవుతుంది, దీనికి కాదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 2004లో లైట్ రైలు మొదలైన తొలి ఏడాదే పదుల సంఖ్యలో కార్లు దాన్ని గుద్దుకున్నాయి. ఎక్కువగా, పక్కన బండి వస్తోందని చూడకుండా డ్రైవర్లు మలుపు తిప్పడం వల్ల.

సైకిలు తొక్కేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రోడ్డులో పొదిగిన పట్టా పక్కన సుమారు నాలుగు సెంటీమీటర్ల గాడి ఉంటుంది. సన్నటి టైరు అందులో దిగిందంటే తొక్కేవాళ్లు కింద పడ్డట్టే. ఎప్పుడైనా పట్టాలను ఏటవాలుగా కాకుండా పూర్తిగా అడ్డంగా దాటాలి. వానలో ఇంకా జాగ్రత్త. చక్రాల కుర్చీ వాడే మన సభ్యురాలు కుర్చీ ముందు చక్రాన్ని స్కేలుతో కొలిపించి, తనకూ ఇదే గండమని చూపించారు. దాటే చోట్ల గాడి పూర్తిగా అడ్డంగా వచ్చేలా దారి గీయాలని ఆవిడ పేరుతోనే వినతిపత్రం ఇచ్చాం. అది ఆమోదం పొందింది. ఈ ఏడాది చేతికందిన ఒకే ఒక్క లిఖితపూర్వక అంగీకారం ఇదే.

దుకాణాలు, దుమ్ము

పైపుల పని మొదలైన మూడో రోజే గుత్తేదారు మనుషులు ఒక గొట్టాన్ని కోసేశారు. రెండు రోజులు నీళ్లు లేవు. చివరి ఇళ్లకు ట్యాంకరు రాలేదు, వచ్చిందని రిజిస్టరులో మాత్రం రాసుకున్నారు. సభ్యులు ఆ రోజు తీసిన ఫోటోలు జతచేసి ఫిర్యాదు ఇచ్చాం. విచారం వ్యక్తం చేస్తూ ఉత్తరం వచ్చింది. ఉత్తరంతో దాహం తీరదని జవాబు రాయబోతే అధ్యక్షులు వద్దన్నారు. ఇక్కడ రాస్తున్నాను.

రోడ్డు పక్క దుకాణదారుల బాధ ఇంకా పెద్దది. సిడ్నీలో 2015లో జార్జ్ స్ట్రీట్‌లో మొదలైన పని 2019 డిసెంబరు దాకా సాగింది. కంచెల వెనక నలిగిన వ్యాపారులు కోర్టుకెక్కారు. ఫ్రాన్స్‌లో ట్రాము పనులు చేసే నగరాలు నష్టపోయిన దుకాణాల లెక్కలు కోర్టు బయటే చూసే సంఘాలను ఏర్పాటు చేయడం ఆనవాయితీ. అలాంటిదే ఇక్కడా కావాలని అడిగాం. పరిశీలిస్తామన్నారు. ఈలోగా దుకాణదారులు పనులకు ముందు రెండేళ్ల అమ్మకాల లెక్కలు తీసి దగ్గర పెట్టుకోవాలి. అడిగిన రోజున వెతికితే దొరకవు.

మిగిలినవి

మలుపులో చక్రాల కీచుధ్వని గురించి, ఖాళీ బండ్లతో నెలల తరబడి సాగే పరీక్షల రోజుల్లో పిల్లలను బడికి దాటించే మనుషుల గురించి వచ్చే కార్యవర్గం చూడాలి. నేను కార్యదర్శిగా మరోసారి నిలబడటం లేదు. ఉత్తరాల ఫైలు, గొయ్యి ఫోటోలు, టేపు, హాలు తాళంచెవి అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాయి.

కాగితం నకలు గోడ మీదే ఉంది. బడి వైపు భాగం ఇంకా ఖాళీ. పాత ఇంటి ప్లాన్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఎన్నికలు మొదలయ్యేలోపు ముందు బల్ల దగ్గర ఇవ్వండి. పెన్సిలు అక్కడే దారంతో కట్టి ఉంది.

కార్యదర్శి