గేరుబాక్సు దించే ముందు ఎర్తు చూడు

రాజోలు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివాను. కారు ఆగీ ఆగనప్పుడు ఇంజన్ ఆఫ్ అయిపోతోందని, మళ్ళీ స్టార్ట్ చేస్తే గేరు పడట్లేదని, మెకానిక్ గేరుబాక్సు దించాలంటున్నాడని రాశావు. ఇది పూర్తిగా చదివేదాకా అతనికి సరేననకు. అచ్చం ఇదే గొడవ నేనూ పడ్డాను కాబట్టి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక కూర్చుని రాస్తున్నాను.

నాదీ నీదాని లాగే ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే బండి. పొద్దున్న ఎండలో బాగానే ఉండేది. వాన పడుతున్నా, చీకటి పడినా మొదలు. ఓ సాయంత్రం చించినాడ వంతెన ఎక్కుతున్నాం. ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ వేసి ఉన్నాయి. ముందు లారీ నెమ్మదించింది, నేనూ బ్రేకు తొక్కాను. డాష్‌బోర్డు లైట్లు మసకబారి ఇంజన్ టక్కున ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్టరు మూలిగినట్టు తిరిగి ఎలాగో అందుకుంది. మీటర్లో న్యూట్రల్ గుర్తు ‘ఎన్’ మాత్రం మిణుకుమిణుకుమంటుంది, డ్రైవ్‌లోకి వెళ్ళదు. పక్కన అమ్మ, వెనక హారన్లు, కింద వశిష్ఠ గోదావరి. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దురా.

మెకానిక్ దగ్గర ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ కడిగారు, ప్లగ్గులు మార్చారు, పెట్రోలు ఫిల్టరు మార్చారు. కొన్నాళ్ళు బాగుండటం, మళ్ళీ మామూలే. ఆఖరికి క్లచ్ సెట్టు పోయింది, గేరుబాక్సు దించుదామన్నారు. అక్కడే నాకు నమ్మకం కుదరలేదు. క్లచ్ అరిగితే ఇంజన్ గోల పెడుతుంది గానీ బండి ఊపందుకోదు, కాలిన వాసన వస్తుంది. నాకు ఆ రెండూ లేవు. పైగా క్లచ్ అరిగినంత మాత్రాన హెడ్‌లైట్లు ఎందుకు మసకబారాలి?

ఏఎంటీలో గేరుబాక్సు మామూలు మాన్యువల్‌దే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పని మోటార్లు చేస్తాయి, వాటిని ఓ చిన్న కంప్యూటరు నడిపిస్తుంది. ఇంజన్‌కి ఇంకో కంప్యూటరు. ఇంజన్‌లో ఒక జబ్బు, గేరుబాక్సులో ఒక జబ్బు కూడబలుక్కుని ఒకే రోజు రావు కదా. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది కరెంటు. అందుకే మెకానిక్‌ని వదిలేసి పాలకొల్లులో ఓ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాను.

ఆయన స్కానరు పెడితే రెండు కంప్యూటర్లలోనూ ఓల్టేజి తక్కువైందన్న కోడ్ ఉంది. బ్యాటరీ చూస్తే 12.6, ఇంజన్ నడుస్తుంటే 14. రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడాయన మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ లోహం మీద ఆనించి నన్ను స్టార్టరు కొట్టమన్నాడు. అక్కడ 0.2 ఓల్టులకి మించకూడదట, ఒకటి దాటింది. బ్యాటరీ ట్రే తీస్తే కింద గేరుబాక్సు నుంచి బాడీకి వెళ్ళే ఎర్తు పట్టీ, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి, కనబడింది. జడలా అల్లిన రాగి తీగ అంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. బోల్టు దగ్గర వేలు పెట్టి కదిపితే సగం పోగులు పొడిలా రాలిపోయాయి. ఉప్పుగాలి, రొయ్యల చెరువుల తేమ, మన వైపు రాగి ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పు!

కొత్త పట్టీ వేసి, బోల్టు కూర్చునే చోట రంగూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వ్యాజిలైన్ రాశాడు. బ్యాటరీ తీసి పెట్టాం కాబట్టి స్కానరుతో క్లచ్ లెర్నింగ్ కూడా చేయించాడు, అంటే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకి మళ్ళీ నేర్పించడం. అది మర్చిపోతే కొన్ని బళ్ళు కుదుపులు పెడతాయి. ఆ తర్వాత వానలో, చీకట్లో, అన్నీ వేసుకుని అదే వంతెన ఎక్కుతున్నాను, మళ్ళీ ఆ గోల లేదు.

నీది కూడా ఎర్తే అని ఇక్కడ కూర్చుని తేల్చను. ఆ పరీక్ష మాత్రం ముందు చేయించు. ఎర్తు బాగుంటే, ఆగిపోయేటప్పుడు ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు చూడు. బండి ఇంకా దొర్లుతుండగానే ముల్లు ఠక్కున సున్నాకి పడిపోయి, ఇంజన్ చల్లారాక మామూలుగా స్టార్ట్ అయితే ఇంజన్ తిరగడాన్ని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకో. ముల్లు ఊగుతూ ఊగుతూ పడితే పెట్రోలో, గాలో అందట్లేదు. 

ఇంకోటి. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. 2022 జూలై వరదకి మన లంకల వైపు నీళ్ళు ఎలా వచ్చాయో చూశావుగా. అలాంటి నీళ్ళలో నిలబడిన బండి అయితే గేరుబాక్సు పైనున్న గాలి గొట్టం గుండా నీళ్ళు లోపలికి పోతాయి. ఆయిల్ కొంచెం తీయించి చూడు, పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకు, బండి నడపకు. సీటుబెల్టు పూర్తిగా లాగి చివర బురద మరక ఉందేమో కూడా చూడు.

మీటరు రీడింగులు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. పని కాకపోతే భీమవరం నేనే వస్తాను, మల్టీమీటరు తెచ్చుకుంటాను. అంతవరకూ చెల్లెమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకుని రాత్రిపూట హైవే ఎక్కకు.

నీ బావ