వార్షిక నివేదిక: హోవార్డ్ విశ్వవిద్యాలయ పురుషుల సాకర్ జట్టు చరిత్ర, మన సంఘం కృషి

గౌరవనీయులైన సంఘ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

మనం నివసిస్తున్న వాషింగ్టన్ ప్రాంతపు చరిత్రలో నుంచి ఏటా ఒక అంశాన్ని ఎంచుకుని చదవాలనీ, చదివినదాన్ని తెలుగులో నమోదు చేయాలనీ గత సర్వసభ్య సమావేశం తీర్మానించగా, ఆ పని కోసం చరిత్ర ఉపసంఘం ఏర్పడింది. తొలి ఏడాదికి ఉపసంఘం ఎంచుకున్న అంశం హోవార్డ్ విశ్వవిద్యాలయ పురుషుల సాకర్ జట్టు. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ వేడుకల వివరాలూ, జమాఖర్చుల పట్టికా సభ్యులకు విడిగా అందుతాయి కనుక, ఈ నివేదికను పూర్తిగా ఆ జట్టు చరిత్రకూ, దాని చుట్టూ మనం చేసిన పనికీ కేటాయిస్తున్నాము.

ఈ అంశమే ఎందుకని తొలి సమావేశంలోనే కొందరు సభ్యులు అడిగారు. మనలో చాలామందిమి ఈ దేశానికి విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళమే. ఊళ్ళో చదివిన చదువుకు ఇక్కడ ఏ విలువ కడతారో, అక్కడ గడిచిన సంవత్సరాలను ఏ ఖాతాలో వేస్తారో తెలియక దిగులుపడుతూ దరఖాస్తులు నింపినవాళ్ళమే. హోవార్డ్ జట్టును న్యాయస్థానం మెట్లెక్కించిన ప్రశ్న కూడా దీనికి దగ్గరిదే. విదేశీ విద్యార్థి తన దేశంలో ఆడిన ఆటను ఇక్కడి నిబంధనలు ఎలా లెక్కగట్టాలన్నదే ఆ ప్రశ్న. మనం రోజూ తిరిగే నగరంలోనే జరిగిన ఈ చరిత్ర మనలో దాదాపు ఎవరికీ తెలియకపోవడం ఉపసంఘాన్ని ఆలోచింపజేసింది.

హోవార్డ్ విశ్వవిద్యాలయం 1867లో, అమెరికా అంతర్యుద్ధం ముగిసిన కొద్దికాలానికే, ప్రధానంగా నల్లజాతి విద్యార్థుల చదువు కోసం వాషింగ్టన్‌లో ఏర్పడింది. కరీబియన్ దీవుల నుంచీ ఆఫ్రికా నుంచీ వచ్చే విద్యార్థులకు అది ఆశ్రయమైంది. ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగిన ఆ యువకులు అమెరికాలో సాకర్‌గా పిలిచే ఆ ఆటను తమతోనే తెచ్చుకున్నారు. 1961లో హోవార్డ్ జట్టు, ఎక్కువగా చిన్న కళాశాలలకు చెందిన ఎన్‌ఏఐఏ సంఘం నిర్వహించే జాతీయ పోటీలో విజేతగా నిలిచింది. అమెరికా కళాశాల క్రీడలను నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ ఆధ్వర్యంలో పెద్ద విశ్వవిద్యాలయాలు తలపడే పోటీలో మాత్రం దాని పేరు గట్టిగా వినపడింది ఆ తరవాతి దశాబ్దంలోనే.

ఆ మార్పునకు కారకుడు లింకన్ ఫిలిప్స్. ట్రినిడాడ్‌కు చెందిన ఈయన తన దేశపు జాతీయ జట్టుకు గోల్‌కీపర్. 1967లో విన్నిపెగ్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో కాంస్య పతకం గెలుచుకున్న ట్రినిడాడ్ జట్టులో సభ్యుడు. తరవాత అమెరికా వచ్చి బాల్టిమోర్ బేస్ జట్టుకు ఆడారు, వాషింగ్టన్ డార్ట్స్ జట్టుకు ఆటగాడిగా, శిక్షకుడిగా రెండు బాధ్యతలూ నిర్వహించారు. 1970లో హోవార్డ్ జట్టు పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. ట్రినిడాడ్, జమైకా, నైజీరియా, ఘనా, గినీ వంటి దేశాల నుంచి వచ్చిన యువకులు ఆయన దగ్గర ఒక జట్టయ్యారు. ఒక్కో దేశపు ఆట తీరు ఒక్కోలా ఉండగా వాటిని ఒక దారికి తేవడం ఎంత ఓపిక అడిగే పనో, శనివారాలు మన పిల్లలకు ఆట నేర్పే తల్లిదండ్రులు ఇట్టే గ్రహిస్తారు.

1971 సీజన్‌లో హోవార్డ్ ఒక్క ఆటా ఓడలేదు. డిసెంబర్ 30న మయామీలోని ఆరెంజ్ బౌల్ మైదానంలో జరిగిన ఎన్‌సీఏఏ ఫైనల్లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయాన్ని 3–2 తేడాతో ఓడించింది. ఈ విజయం ఎంత పెద్దదో తెలియాలంటే ప్రత్యర్థి ఎవరో తెలియాలి. 1959లో ఎన్‌సీఏఏ సాకర్ పోటీ మొదలైనప్పటి నుంచి 1973 వరకు సెయింట్ లూయిస్ పదిసార్లు జాతీయ విజేత. అందులో 1967 నాటిది మాత్రం మిషిగన్ స్టేట్‌తో పంచుకున్నది. ఆ నగరంలోని కేథలిక్ పారిష్‌ల పిల్లల జట్ల నుంచి ఎదిగిన స్థానిక యువకులే ఆ జట్టుకు బలం. దాని శిక్షకుడు హ్యారీ కియో 1950 ప్రపంచకప్‌లో, బ్రెజిల్‌లోని బెలో హొరిజోంతె నగరంలో, ఇంగ్లండ్‌ను 1–0తో ఓడించిన అమెరికా జట్టులో ఆడినవారు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే ఆటకు జీవితం అంకితం చేసినవారు. అలాంటి జట్టును ఓడించి, చారిత్రకంగా నల్లజాతి విద్యాసంస్థల్లో ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి జాతీయ విజేతగా నిలిచిన మొదటి జట్టు అయింది హోవార్డ్. ఆ గౌరవం ఎంతోకాలం నిలవలేదు.

జట్టులోని కొందరు విదేశీ ఆటగాళ్ళ అర్హతపై ఎన్‌సీఏఏ విచారణ జరిపి, 1973 జనవరిలో హోవార్డ్ 1971 టైటిల్‌ను రద్దు చేసింది. జట్టును పరిశీలనలో ఉంచి, 1973 జాతీయ పోటీలో ఆడకుండా నిషేధించింది. అధికారిక జాబితాలో 1971కి ఎదురుగా విజేత పేరు నేటికీ లేదు. ఎన్‌సీఏఏ మోపిన అభియోగాలకు ఆధారం ప్రధానంగా మూడు నిబంధనలు. ఏ విద్యార్థి అయినా కళాశాలలో చేరిన నాటి నుంచి ఐదేళ్ళలోపే తన ఆట ముగించాలనేది మొదటిది. ప్రవేశ పరీక్ష, పాఠశాల మార్కులను బట్టి కళాశాలలో నాలుగుకు కనీసం 1.600 సగటు మార్కు వస్తుందని ముందే అంచనా ఉండాలనేది రెండోది. మూడోది విదేశీ విద్యార్థులకే వర్తించేది: పంతొమ్మిదేళ్ళు నిండాక, అమెరికా కళాశాలలో చేరకముందు, విదేశంలో ఏ జట్టుకు ఆడినా ఆ ఒక్కో ఏడాదీ కళాశాల జట్టుకు ఆడిన ఏడాదిగా లెక్కలోకి వస్తుంది.

ఈ మూడో నిబంధనను ఉపసంఘం ప్రత్యేకంగా చదివింది. ట్రినిడాడ్‌లో ఇరవై ఏళ్ళ యువకుడు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు స్థానిక క్లబ్బుకు జీతం లేకుండా ఆడినా, ఇక్కడికి వచ్చేసరికి అతని అర్హతలో కొన్నేళ్ళు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. అదే వయసు అమెరికా పౌరుడు కళాశాలలో చేరకముందు ఇక్కడే బయటి జట్లకు ఆడితే మాత్రం ఆ లెక్క పట్టలేదు. ఇద్దరూ చేసింది ఒకటే పని; లెక్క మాత్రం రెండు రకాలు. ఈ భేదాన్నే హోవార్డ్ విశ్వవిద్యాలయం న్యాయస్థానంలో సవాలు చేసింది. 1973లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి గెర్హార్డ్ గెజెల్, విదేశీ విద్యార్థుల నిబంధన రాజ్యాంగం హామీ ఇచ్చే సమాన రక్షణకు విరుద్ధమని తేల్చి దాన్ని కొట్టివేశారు. మిగతా రెండు నిబంధనలను మాత్రం సమర్థించారు. 1975లో అప్పీలు న్యాయస్థానం కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఫలితంగా హోవార్డ్ గెలిచిన వాదన తరవాతి విదేశీ విద్యార్థులకు దారి తెరిచింది కానీ, రద్దయిన టైటిల్‌ను తిరిగి తేలేకపోయింది. మరో సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి: హోవార్డ్‌పై ప్రయోగించిన 1.600 నిబంధనను ఎన్‌సీఏఏ తానే 1973లో ఎత్తివేసింది.

తీర్పును చదివి, సారాంశాన్ని తెలుగులో రాసిపెట్టిన మన న్యాయవాద సభ్యులకు కార్యవర్గం కృతజ్ఞతలు తెలుపుతోంది. ఆ సారాంశంపై జరిగిన చర్చ ఈ ఏడాది మన సమావేశాలన్నింటిలోకీ వాడిగా సాగింది. రెండు నిబంధనలు నిలబడ్డాయి కాబట్టి శిక్ష కూడా నిలబడటం న్యాయమేనని కొందరు సభ్యులు వాదించారు. అభియోగాల్లో ఒక ముఖ్యమైన పాయే రాజ్యాంగ విరుద్ధమని తేలినప్పుడు శిక్ష తీవ్రతను తిరిగి తూచవలసిందని మరికొందరు అన్నారు. కార్యవర్గం రెండో వాదనతోనే ఏకీభవిస్తోంది. అయితే మొదటి వాదన చేసినవారు తీర్పును శ్రద్ధగా చదివి మాట్లాడారనీ, వారి మాట కూడా మన సమావేశ నమోదులో యథాతథంగా ఉందనీ సభ్యులకు తెలియజేస్తున్నాము.

నిషేధం ముగిసిన మరుసటి ఏడాది, 1974లో, హోవార్డ్ తిరిగి వచ్చిన తీరు ఈ చరిత్రకే శిఖరం. ఆ సీజన్‌లో జట్టు ఆడిన పంతొమ్మిది ఆటలూ గెలిచింది. 63 గోల్స్ చేసి, 6 మాత్రమే ఇచ్చింది. అంటే సగటున మూడు ఆటలకు ఒక గోల్ కూడా ప్రత్యర్థులకు దక్కలేదు. ఫైనల్లో ఎదురైంది మళ్ళీ సెయింట్ లూయిస్. అదీ వాళ్ళ సొంత నగరంలో, బుష్ స్టేడియంలో. 1972, 1973 విజయాల తరవాత వరసగా మూడో టైటిల్ కోసం ఆడుతున్న ఆ జట్టుకు ప్రేక్షకుల అండ పూర్తిగా ఉంది. నిర్ణీత సమయానికి స్కోరు 1–1. అదనపు సమయం వెంట అదనపు సమయం సాగి, నాలుగోదానికి చేరాక నైజీరియాకు చెందిన కెన్నెత్ ఇలొడిగ్వే విజయపు గోల్ చేశాడు. 1971 జట్టులోనూ ఉన్న ట్రినిడాడ్ ఆటగాడు ఇయాన్ బెయిన్ వంటివారికి ఆ 2–1 గెలుపు చేజారినది తిరిగి దక్కినట్టే. ఒకసారి గెలిచింది అర్హత లేని జట్టు అన్నవారికి, అన్ని నిబంధనలకూ లోబడి, ఓటమి ఎరుగని సీజన్‌తో ఇచ్చిన జవాబు ఇది. ఈ గెలుపును ఎవరూ రద్దు చేయలేకపోయారు.

ఆ తరవాతి దశాబ్దాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. 1988లో కీత్ టక్కర్ శిక్షణలో హోవార్డ్ మరోసారి ఫైనల్ చేరింది. బ్లూమింగ్టన్‌లో, ఇండియానా విశ్వవిద్యాలయపు సొంత మైదానంలో, జెర్రీ యేగ్లీ శిక్షణలోని జట్టు చేతిలో 1–0తో ఓడింది. ఆ ఏడాది హోవార్డ్‌లో కొత్తగా చేరిన గోల్‌కీపర్ షాకా హిస్లాప్ లండన్‌లో పుట్టి ట్రినిడాడ్‌లో పెరిగినవాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతూ ఆడి, పట్టా పుచ్చుకున్నాకే ఇంగ్లండ్ వెళ్ళి రెడింగ్, న్యూకాజిల్, వెస్ట్‌హామ్ జట్లకు ఆడాడు. 2006 ప్రపంచకప్‌లో డార్ట్‌మండ్‌లో స్వీడన్‌తో జరిగిన ఆటకు ముందు సాధనలో మొదటి గోల్‌కీపర్ గాయపడటంతో, ముప్పై ఏడేళ్ళ హిస్లాప్ చివరి క్షణంలో బరిలోకి దిగి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆట 0–0గా ముగిసింది. అప్పటిదాకా ప్రపంచకప్‌కు అర్హత సాధించిన దేశాల్లో జనాభా రీత్యా ట్రినిడాడ్ అతి చిన్నది. ఇంజనీరింగు చదువుకూ ఆటకూ పొత్తు కుదరదని నమ్మే మన ఇళ్ళలో హిస్లాప్ కథను పిల్లలకంటే పెద్దలే ఎక్కువ ఆసక్తితో విన్నారని ఉపసంఘం నమోదు చేసింది.

ఇక మన పని సంగతి. హోవార్డ్ జట్టు చరిత్రపై తెలుగులో ఉపన్యాసాలు జరిగాయి. వేసవి ఫుట్‌బాల్ శిబిరంలో ఆట ముగిశాక పిల్లలకు ఈ కథను భాగాలుగా చెప్పాము. 1974 ఫైనల్ వంతు వచ్చిన రోజు ఇంటికి బయలుదేరమన్నా పిల్లలు కదల్లేదని శిబిరం నిర్వాహకులు చెప్పారు. ఉపన్యాసాలనూ తీర్పు సారాంశాన్నీ కలిపి ఒక చిన్న పుస్తకంగా తెచ్చే పని సగం పూర్తయింది. ఆటగాళ్ళ పేర్లను తెలుగులో సరిగ్గా రాయడానికి ఆయా దేశాలవారినే అడిగి ఉచ్చారణ సరిచూస్తుండటం వల్ల జాప్యం జరుగుతోంది. ఈ జాప్యాన్ని కార్యవర్గం సమర్థిస్తోంది. మన పేర్లను తప్పుగా పలికితే మనకెలా ఉంటుందో మనకు తెలుసు.

రాబోయే సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్న తీర్మానాలు రెండు. 1971 విజేతగా హోవార్డ్ పేరును తిరిగి గుర్తించే విషయం పరిశీలించమని కోరుతూ, న్యాయస్థానం సమర్థించిన నిబంధనల సంగతి కూడా దాచకుండా పేర్కొంటూ, ఎన్‌సీఏఏకు సంఘం తరఫున లేఖ రాయాలన్నది మొదటిది. ఈ పుస్తకం ముద్రణ ఖర్చును సాంస్కృతిక నిధి నుంచి కాక ప్రత్యేక విరాళాల ద్వారా సమకూర్చుకోవాలన్నది రెండోది. లేఖ ముసాయిదా సభ్యత్వం ఉన్న ప్రతి కుటుంబానికీ సమావేశానికి ముందే అందుతుంది. సవరణలు సూచించదలచినవారు లిఖితపూర్వకంగా కార్యదర్శికి పంపవలసిందిగా మనవి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి