కంట్రోలర్ పక్కన ఇంకో మనిషి ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తుంటే కిటికీలోంచి ఇంకో విమానం కనిపించింది, మాకు కిందగా, ఎదురు దిశలో. తోక మీది రంగు కూడా తెలిసేంత దగ్గర, రెప్ప వేసేలోపు వెనక్కి వెళ్లిపోయింది. పక్క సీట్లో పెద్దావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇంత దగ్గరగానా బాబూ!" అంది. దిగాక కూడా ఆ టెన్షన్ పోలేదు. మా బావమరిది ఏటీసీలో, అంటే విమానాలకు ఎటు, ఎంత ఎత్తులో వెళ్లాలో కింద నుంచి చెప్పే విభాగంలో కంట్రోలర్, ఫోన్ చేసి అడిగితే "అది వెయ్యి అడుగుల కింద ఉండి ఉంటుంది బావా, రూల్ ప్రకారమే" అన్నాడు.

వెయ్యి అడుగులంటే దాదాపు 300 మీటర్లు. 29,000 అడుగులు దాటాక ఒకప్పుడు ఈ గ్యాప్ 2,000 అడుగులు ఉండేది, ఎత్తు కొలిచే పరికరాలు మెరుగయ్యాక మన దగ్గర 2003లో సగానికి తగ్గించారు. రెండూ ఒకే ఎత్తులో ఉంటే మాత్రం రాడార్ కింద మామూలుగా 5 నాటికల్ మైళ్లు ఎడం ఉండాలి, అంటే 9 కిలోమీటర్ల పైమాటే. ఎయిర్‌పోర్టు దగ్గర 3 నాటికల్ మైళ్ల వరకూ తగ్గుతుంది. తొమ్మిది కిలోమీటర్లంటే మనకి పక్క ఊరంత దూరం, కానీ గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలకు అది 18 సెకన్లే. ఆలోపే కంట్రోలర్ చూడాలి, మైకులో చెప్పాలి, పైలట్ విని విమానాన్ని తిప్పాలి.

ఆ దూరాలు చాలవని నేను అనడం లేదు. వాటిని కాపలా కాసే మనిషి చేతికి ఏమిస్తున్నాం, పక్కన ఎవరిని ఉంచుతున్నాం అన్నదే నా బాధ.

1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఏం జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఢిల్లీలో దిగుతున్న కజకిస్థాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు, ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానాన్ని 14,000 దగ్గర. అదే వెయ్యి అడుగులు. కజక్ విమానం ఆగకుండా ఇంకా కిందికి దిగింది. కంట్రోలర్ ముందున్న రాడార్‌లో విమానం ఎక్కడుందో తెలిసేది గానీ ఎంత ఎత్తులో ఉందో తెలిసేది కాదు, పైలట్ నోటి మాటే ఆధారం. పైగా వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి. 349 మంది పోయారు. దారులు వేరు చేసిందీ, ఢీకొట్టే ముప్పుని పైలట్‌కి చెప్పే టీకాస్‌ని తప్పనిసరి చేసిందీ ఆ తర్వాతే.

యంత్రం వచ్చింది కదా అంటారేమో. 2002 జూలైలో జర్మనీలోని యూబర్‌లింగెన్ మీద ఢీకొన్న రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంది. ఆ రాత్రి జ్యూరిక్ సెంటర్‌లో తోటి కంట్రోలర్ విశ్రాంతికి వెళ్తే ఒక్కడే రెండు స్క్రీన్ల మధ్య తిరుగుతూ డ్యూటీ చేస్తున్నాడు, ఫోన్ లైన్లు రిపేర్‌లో ఉన్నాయి. ప్రమాదాన్ని ఆలస్యంగా గమనించి ఒక విమానాన్ని దిగమన్నాడు. ఆ విమానంలోని టీకాస్ ఎక్కమంటోంది. పైలట్లు మనిషి మాట విన్నారు. 71 మంది చనిపోతే అందులో ఎక్కువమంది స్కూలు పిల్లలు. టీకాస్ చెప్పిందే చెయ్యాలని రూల్ గట్టిపడింది ఆ తర్వాతే. ఆ కంట్రోలర్ పక్కన ఆ రాత్రి ఇంకొకరు ఉండి ఉంటే అని చదివినప్పుడల్లా అనుకుంటాను.

మన దగ్గరా ఇలాంటి ప్రమాదం తప్పింది అదృష్టం కొద్దీ. 2022 జనవరిలో బెంగళూరులో రెండు సమాంతర రన్‌వేల మీద నుంచి రెండు విమానాలు ఇంచుమించు ఒకేసారి లేచి ఒకదాని వైపు ఒకటి వెళ్లాయి. ఆ సమయానికి ఒక్క రన్‌వేనే వాడాలన్న నిర్ణయం రెండో టవర్ కంట్రోలర్‌కి చేరలేదు. రాడార్ కంట్రోలర్ చూసి చెరో పక్కకి తిప్పబట్టి బతికారు. ఇంత జరిగినా లాగ్‌బుక్‌లో నమోదు కాలేదని తర్వాత వార్తల్లో వచ్చింది. నాకు అన్నిటికన్నా భయమేసింది అక్కడే.

మా బావమరిది నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తే కాసేపు ఎవరితోనూ మాట్లాడడు. చెవిలో కాల్‌సైన్లు, అంటే రేడియోలో విమానాల్ని పిలిచే పేర్లు, మోగుతూనే ఉంటాయంటాడు. ఒకసారి కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ కలుపుతూ నిద్రలోకి జారిపోయాడు, మా చెల్లి లేపి మళ్లీ వడ్డించింది. కంట్రోలర్ల కొరత గురించీ అలసట గురించీ 2025 ఆగస్టులో పార్లమెంటు సంఘమే చెప్పింది, ఇది మా ఇంటి మాట మాత్రమే కాదు.

విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మా శ్రీకాకుళం ఎంపీ, ఆ చనువుతోనే అడుగుతున్నాను. భోగాపురం టెర్మినల్ ఫోటోలు ఎన్నో చూశాం, సంతోషం. శంషాబాద్, విజయవాడ, తిరుపతిలో ఎన్ని కంట్రోలర్ పోస్టులు ఖాళీ, రాత్రి షిఫ్టులో ఒక్కో సీటుకి ఎంతమంది, గడిచిన ఏడాది రెండు విమానాల మధ్య దూరం ఎన్నిసార్లు తగ్గింది, ఈ మూడు లెక్కలూ విమానాశ్రయాల వారీగా జనానికి చెప్పండి సార్.

- ఒక పాఠకుడు, శ్రీకాకుళం