కోర్టు ఆపింది సరే, కాపలా ఎవరిది?

సంపాదకులకు,

కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ జనం నోళ్లలోంచి మెల్లగా జారిపోతోంది, అందుకే ఈ ఉత్తరం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న ఆ చెట్ల నేలను చదును చేసి అమ్మాలని ప్రభుత్వం అనుకోవడంతో, 2025 ఉగాది నాడు అక్కడ బుల్డోజర్లు దిగాయి. విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపేసింది. అయితే ఆ కొద్ది రోజుల్లో కూలిన చెట్లు మళ్లీ లేవలేదు. కోర్టు యంత్రాలను ఆపగలదు గానీ రోజూ వెళ్లి చూసుకోలేదు కదా. ఆ పని చుట్టుపక్కల కాపురముండేవాళ్లదే.

చిక్కేమిటంటే, మన రాతిగుట్టల మీద మిగిలిన అడవి అడవిలా కనిపించదు. ఎండాకాలం ఆకు రాల్చేసి ఎండుపొదల్లా ఉంటుంది. అధికారులకే కాదు, మా అపార్ట్‌మెంటు సంఘాలకూ అది ఖాళీ జాగానే. తొలకరి పడ్డాక చూడాలి: మోదుగ, రేల, పాల, బలుసు, సీతాఫలం, బండల సందుల్లో గడ్డి, గడ్డిలో నక్షత్ర తాబేళ్లు, నెమళ్లు. ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లంటారు. వాటి మధ్య చేరిన పిడికెడు మట్టిని పట్టుకుని పెరిగిన చెట్టును కొట్టేసి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పది మొక్కలు నాటామంటే లెక్క సరిపోతుందా?

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. కూల్చిన ఇళ్ల పెళ్లలు పారబోసే లారీలు రాత్రిపూట వస్తాయి. నంబరు రాసుకోగలిగేది పక్కింటివాళ్లే. ఎండుగడ్డికి నిప్పంటుకుంటే ఫైరింజన్ గుట్ట ఎక్కలేదు, కాబట్టి శివరాత్రి లోపే అంచుల వెంట గడ్డి కోసి, నిప్పు దాటకుండా ఖాళీ పట్టీ (ఫైర్‌లైన్) తీయాలి. ఇక్కడి మొక్కల్ని అణిచేసే లంటానా, సుబాబుల్ లాంటి పరాయి మొక్కల్ని పీకించాలి. ఇక ఉత్సాహవంతులకు ఒక దండం: దయచేసి లోపల గుంతలు తవ్వి మొక్కలు నాటకండి. ఊరంతా కోనోకార్పస్ అనే పరాయి చెట్టు నాటి, తర్వాత నాలిక్కరుచుకున్న అనుభవం మనకుంది.

దీనికి చట్టం అండ కూడా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, స్థానికుల్ని అడిగి ఆ ఊరి మొక్కలు, జీవాల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. అదే చట్టం కింద 2016లో నగర శివారు అమీన్‌పూర్ చెరువు జీవవైవిధ్య వారసత్వ స్థలం అయింది. 2012లో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు జరిగింది మన నగరంలోనే. ఇప్పుడు బయోడైవర్సిటీ అంటే మనకు గుర్తొచ్చేది గచ్చిబౌలి దగ్గర ఆ పేరున్న ఫ్లైఓవరు!

ఇంకో సంగతి. నగరం నడుమ అడవిలా ఉన్న కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లన్నప్పుడల్లా పేచీ లేస్తోందంటే, అక్కడ పొద్దున్నే నడిచేవాళ్లకు పలుకుబడి ఉంది కాబట్టే. శివారు కంచల్లో, అంటే ఇలాంటి బీడు అడవుల్లో, తిరిగేది మేకలు కాసేవాళ్లు, సీతాఫలాలు కోసుకొచ్చి రోడ్డు పక్కన అమ్ముకునే ఆడవాళ్లు. ఏ చెట్టు ఎక్కడుందో, ఏ గుంటలో ఎప్పటిదాకా నీళ్లుంటాయో వాళ్లకే తెలుసు. కమిటీలో మొదటి కుర్చీలు వాళ్లకే వేయాలి, మాలాంటి ఫ్లాట్ల ఓనర్లకు కాదు.

నగరపాలక సంస్థ ఇలాంటి పాత అడవి ముక్కలన్నిటినీ సర్వే నంబర్లతో సహా వార్డులవారీగా ప్రకటించాలి. వార్డు ఆఫీసులో ఒక ఆదివారం సభ పెట్టి, రిజిస్టరు అందరి ముందే రాయడం మొదలుపెట్టాలి. వచ్చే వానాకాలానికి ముందే ఇది జరగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, నల్లగండ్ల, హైదరాబాద్