ఏడు సీట్లు అమ్మారు, ఐదే చూశారు

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీ వద్ద కొన్న ఏడు సీట్ల పాత వ్యాను నీట మునిగిన బండి అని తేలడం, మూడో వరుస సీటు బెల్టు పనిచేయకపోవడం, బండిని వెనక్కు తీసుకుని పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వవలసిందిగా కోరడం గురించి.

అయ్యా,

ఆరు వారాల క్రితం మీ సంస్థలో 2017లో తయారైన ఏడు సీట్ల డీజిల్ వ్యాను కొన్నాను. పూర్తి సొమ్ము ఒకేసారి చెల్లించాను. బండి పాతదైనందుకు ఈ లేఖ రాయడం లేదు. పాతదని తెలిసే కొన్నాను. తలుపు మీద గీతలు, అరిగిన పెడల్ రబ్బర్లు, ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త ఆయాసపడే ఇంజను, ఇవన్నీ పాత బండితో పాటు వచ్చేవే. వాటి గురించి మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను. నా ఫిర్యాదు వేరు. ఏడుగురు కూర్చునే బండి అని చెప్పి అమ్మారు. ఐదుగురు కూర్చునే చోటు మాత్రమే చూశారు. ఏడు చోట్లూ చూశామని కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చారు. మీరు చూడని ఆ రెండు చోట్ల కూర్చున్నది నా కూతుళ్లు.

మా ఇంట్లో ఏడుగురం. నేను, మావారు, ముగ్గురు పిల్లలు, మా అత్తగారు, మామగారు. మా చిన్న కారులో అందరం పట్టం. ఎక్కడికి బయలుదేరినా ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవలసి వచ్చేది, ఆ ఒకరు ప్రతిసారీ మా అత్తగారే అయ్యేవారు. "మీరు వెళ్లిరండి, నాకు మోకాళ్లు నొప్పి" అనేవారు. నొప్పి నిజమే, కానీ అసలు కారణం చోటు లేకపోవడమని ఇంట్లో అందరికీ తెలుసు. పక్కకు జరిగే తలుపు, కిందికి ఉన్న మెట్టు కలిగిన వ్యాను అయితే ఆమె కూడా సులువుగా ఎక్కగలరని, మూడేళ్లు డబ్బు కూడబెట్టి ఈ బండి కొన్నాం. ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, మాలాంటి కుటుంబాలకు మూడో వరుస అదనపు సౌకర్యం కాదు. దాని కోసమే బండి కొంటాం. ఆ వరుస పనికిరాకపోతే మాకు మా పాత కారే చాలు.

బండి చూడటానికి వచ్చిన రోజు మూడో వరుస మడిచి ఉంది. దాని మీద కొత్త మ్యాట్ పరిచి ఉంది. సీట్లు లేపి చూపించమని మీ ఉద్యోగిని అడిగాను. ఆయన లివరును రెండుసార్లు లాగి, "బిగుసుకుపోయింది మేడమ్, సర్వీసులో సరిచేసి ఇస్తాం" అన్నారు. మావారు తానూ ఒకసారి లాగి చూస్తానంటే, విరిగితే ఇబ్బంది అని వారించారు. ఏడుగురికీ ఎయిర్‌బ్యాగుల రక్షణ ఉందా అని అడిగాను. ఉందన్నారు. వెనుక వరుసలో కూడా పిల్లల సీటు బిగించుకోవచ్చా అని అడిగాను. నిరభ్యంతరంగా బిగించుకోవచ్చన్నారు. రెండూ అబద్ధాలే. బండితో వచ్చిన తయారీదారు పుస్తకాన్ని ఇంటికి వచ్చాక చదివితే తెలిసింది. కిటికీల పైనుంచి తెరలా దిగే ఎయిర్‌బ్యాగ్ ఈ బండిలో రెండో వరుసతోనే ఆగిపోతుంది. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరుసలో అటూ ఇటూ ఉన్న రెండు సీట్లకే ఉన్నాయి. ఇలా ఉండే ఏడు సీట్ల బండ్లు ఇంకా ఉన్నాయి, అది ఈ ఒక్క బండి లోపం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో, అసలు ఈ బండి కొనాలో వద్దో నేనే ఆలోచించుకునేదాన్ని. రోజూ ఇవే బండ్లు అమ్మే మనిషికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మలేను.

బండి అప్పగించిన రోజు మూడో వరుస సీట్లు లేచి ఉన్నాయి, తళతళలాడుతున్నాయి. తలుపు తీయగానే సువాసన గుప్పుమంది. మీ తనిఖీ పత్రం అప్పుడే ఇచ్చారు. "సీట్లు: బాగున్నాయి. సీటు బెల్టులు: ఏడూ పనిచేస్తున్నాయి. నీటి వల్ల నష్టం: లేదు." ప్రతి అంశానికి ఎదురుగా టిక్కు, కింద సంతకం, ముద్ర. ఆ కాగితాన్ని నమ్మాను.

మొదటి వారంలోనే సువాసన తగ్గి, దాని కింద నుంచి ముక్కవాసన రావడం మొదలైంది. తడి బట్టలు మూటగట్టి వదిలేస్తే వచ్చే వాసన. కిటికీలు తెరిచి పెడితే పోతుందిలే అనుకున్నాం.

కొన్న నాలుగో వారం, ఏడుగురం కలిసి మొదటిసారి దూరప్రయాణం బయలుదేరాం. ఎనిమిదేళ్ల మా రెండో అమ్మాయి మూడో వరుసలో ఎడమవైపు, బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు మీద కూర్చుంది. బెల్టు నేనే పెట్టాను, క్లిప్పు టక్కుమని పడింది కూడా. కొంతదూరం వెళ్లాక ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మావారు గట్టిగా బ్రేకు వేశారు. మేం దేన్నీ గుద్దలేదు, మమ్మల్ని ఎవరూ గుద్దలేదు. కానీ వెనుక నుంచి కేక వినిపించింది. బెల్టు పట్టుకోలేదు. పాప ముందుకు విసురుగా వచ్చి ఎదుటి సీటు వీపుకు గడ్డం కొట్టుకుంది. కింది పెదవిలో పళ్లు దిగాయి. గౌను ముందంతా రక్తం. మూడు కుట్లు పడ్డాయి. పక్కనే కుడివైపు కూర్చున్న పెద్దమ్మాయిని మాత్రం తన బెల్టు ఆపింది. ఉత్త బ్రేకుకే ఇలా అయితే, నిజంగా ప్రమాదమే జరిగి ఉంటే ఏమై ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టడం లేదు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక టార్చిలైటు తీసుకుని బండి దగ్గరకు వెళ్లాను. ఎడమ బెల్టును ఒక్క కుదుపుతో లాగాను. మంచి బెల్టు అయితే అక్కడికక్కడే బిగుసుకుంటుంది. ఇది బిగుసుకోలేదు, బావిలో తాడులా వచ్చేసింది. ఇంకా లాగాను. మామూలుగా బయటికి కనిపించే భాగం శుభ్రంగా, నల్లగా ఉంది. చుట్టలో అడుగున ఉండే చివరి మూర బయటికి వచ్చేసరికి రంగు మారింది. తుప్పునీటిలో నానిన గుడ్డలా గోధుమరంగులో ఉంది. ఆ రంగు మొదలైన చోట అడ్డంగా ఒక గీత ఉంది, వరద తీసిన తరవాత ఇంటి గోడ మీద మిగిలే గీతలాంటిది. వేళ్ల మధ్య నలిపితే సన్నటి ఒండ్రు రాలింది. వదిలేస్తే బెల్టు వెనక్కి చుట్టుకోలేదు, సగంలో ఆగి వేలాడింది. కడిగినవాళ్లు కంటికి కనిపించినంత మేరే కడిగారు.

తరవాత కుడి బెల్టు చూశాను. దాని మొదట్లో కుట్టిన చిన్న గుడ్డ చీటీ మీద తయారైన సంవత్సరం 2012 అని ఉంది. మిగిలిన ఆరింటి మీదా 2017. బండి కంటే ఐదేళ్లు ముందు తయారైన బెల్టు ఈ బండిలోకి ఎలా వచ్చింది? ఎవరో ఒకరు కుడి బెల్టు పాడైందని గుర్తించారు, మరో బండి నుంచి ఊడదీసి తెచ్చి బిగించారు, ఎడమవైపుది దొరక్కో ఖర్చెందుకనో వదిలేశారు. ఇంతకు మించి మరో అర్థం నాకు తోచడం లేదు. ఈ పని మీ చేతుల్లోకి రాకముందే జరిగి ఉండవచ్చు, కాదనను. కానీ ఏడు బెల్టులూ చూశానని సంతకం పెట్టిన మనిషి ఒక్కొక్కదాన్ని ఒక్కసారి కొసదాకా లాగి ఉంటే ఈ రెండూ అక్కడే బయటపడేవి. అరనిమిషం పని అది.

మర్నాడు మీకు గానీ మాకు గానీ పరిచయం లేని ఒక మెకానిక్ దగ్గరకు బండిని తీసుకెళ్లాం. ఆయన తాను చూసినవన్నీ రాసి ఇచ్చారు. ఆ కాగితం, ఫొటోలు ఈ లేఖకు జతచేశాను. కొత్త మ్యాట్ కింద పాత కార్పెట్ అడుగుపొర ఇంకా చెమ్మగానే ఉంది. మూడో వరుస సీటు పట్టాల బోల్టులు తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయి. జాకీ పెట్టే గుంటలో ఎండిన బురద ఉంది. లివరు బిగుసుకుపోయింది కూడా ఆ బురద వల్లే. ముందు సీట్ల కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టి ఉంది.

బెల్టు ఎందుకు పట్టలేదో విప్పి చూపించారు. చుట్ట పక్కన చిన్న గిన్నెలాంటి దానిలో ఒక ఉక్కు గోళీ ఉంటుంది. బండి ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ గోళీ ముందుకు దొర్లి ఒక చిన్న మీటను పైకి నెడుతుంది. ఆ మీట పళ్లచక్రానికి అడ్డుపడి బెల్టును ఆపుతుంది. మా బండిలో ఆ గోళీ ఎండిన ఒండ్రులో కూరుకుపోయి ఉంది. ఆయన సన్నటి స్క్రూడ్రైవరుతో గీకితే గానీ కదల్లేదు. గోరంత గోళీ అది. దాన్ని చూస్తూ చాలాసేపు నాకు మాట రాలేదు.

అంతకంటే ఎక్కువగా భయపెట్టింది ఎయిర్‌బ్యాగ్ దీపం. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఆ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. మా బండిలో అది అసలు వెలగదు. వెలగకపోవడం మంచిదేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. మెకానిక్ మీటర్ల పెట్టె విప్పి చూస్తే ఆ దీపం మీద నల్ల టేపు ముక్క అతికించి ఉంది. టేపు తీసి మళ్లీ తాళం తిప్పితే దీపం వెలిగింది, ఇక ఆరలేదు. ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె ఈ బండిలో ముందు సీట్ల మధ్య, నేలకు ఆనుకుని ఉంది. వెనుక బెల్టు చుట్ట దాకా నీళ్లు వచ్చాయంటే అది కూడా మునిగే ఉంటుందని ఆయన చెప్పారు. బెల్టు సంగతి నిర్లక్ష్యమనుకోవచ్చు. టేపు దానంతట అది అతుక్కోదు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. అది ఎవరు చేశారో తేల్చవలసిన బాధ్యత బండి అమ్మిన మీదే.

మీ కార్యాలయానికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు స్వయంగా వచ్చాను. మీ మేనేజరు మొదట "పాత బండి అంటే ఇలాంటివి ఉంటాయి మేడమ్" అన్నారు. నీట మునిగిన బండి, పాత బండి ఒకటి కాదు. పాతదైన బండి ఎక్కడ అరిగిందో తెలుస్తుంది, బాగుచేసుకోవచ్చు. నీట మునిగిన బండిలో తుప్పు వైర్ల లోపల నెలల తరబడి పాకుతూనే ఉంటుంది. ఈ రోజు పనిచేసినది రేపు ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. తరవాత ఆయన, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని నేను సంతకం చేసిన కాగితం చూపించారు. అవును, చేశాను. ఉన్నది ఏమిటో మీరు రాసిచ్చిన తనిఖీ పత్రం చూసి చేశాను. "నీటి వల్ల నష్టం: లేదు" అని అందులో రాసింది మీరే. చివరికి ఎడమ బెల్టు ఒక్కటి ఉచితంగా మార్చి ఇస్తామన్నారు. మరి టేపు సంగతి ఏమిటని అడిగితే నీళ్లు నమిలారు.

తనిఖీ చేసిన ఉద్యోగితో మాట్లాడతానంటే ఆయన ఇప్పుడు లేరన్నారు. ఇంటికి వచ్చి ఆ పత్రాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. వెనుక వరుసకు ఏసీ లేదని అందులో రాసి ఉంది. ఉంది. పైకప్పులో నాలుగు గాలిరంధ్రాలు కనిపిస్తూనే ఉన్నాయి, వెనుక సీటులో ఒక్క నిమిషం కూర్చున్నా మొహానికి గాలి తగులుతుంది. ఛాసిస్ నంబరులో ఇంగ్లీషు అక్షరం 'ఓ' రాశారు. 17 అంకెలు, అక్షరాలుండే ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటి, సున్నాలతో పొరబడతారని. బండి మీద చెక్కిన నంబరులో ఆ చోట సున్నా ఉంది. ఇది రాతలో దొర్లిన తప్పేనని మీరు అనవచ్చు. ఏసీ కూడా కలిపి చూస్తే, ఆ పత్రం నింపిన మనిషి మా బండి వెనుక తలుపు తీయనే లేదని నాకు అనిపిస్తోంది.

నేను కోరేది ఇది. బండిని వెనక్కు తీసుకుని నేను చెల్లించిన పూర్తి సొమ్ము, నా పేరు మీదికి మార్పించుకోవడానికి, బీమాకు అయిన ఖర్చులు, మెకానిక్ రుసుము, పాప వైద్యానికి అయిన ఖర్చు ఈ లేఖ అందిన 15 రోజుల లోపు తిరిగి ఇవ్వండి. రసీదులన్నీ జతచేశాను. ఒక్క బెల్టు మార్పిడికి గానీ, ఇంకో బండి ఇస్తామనే మాటకు గానీ నేను ఒప్పుకోను. మీ తనిఖీ పత్రాన్ని నేను ఇక నమ్మలేను.

ఇంకొకటి, ఇది డబ్బు కంటే ముఖ్యం. ఈ బండిని ఎవరి దగ్గర కొన్నారో, దానితో పాటు అదే చోటు నుంచి ఇంకెన్ని బండ్లు తెచ్చారో మీ లెక్కల్లో ఉంటుంది. వాటిని కొన్నవాళ్లకు ఈ వారంలోనే ఫోన్ చేసి బెల్టులు కొసదాకా లాగి చూసుకోమని, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరుతోందో లేదో గమనించుకోమని చెప్పండి. నా బండిని తీసుకెళ్లాక మళ్లీ టేపు అతికించి ఇంకో కుటుంబానికి అమ్మబోమని రాతపూర్వకంగా ఇవ్వండి. గడువులోగా మీ నుంచి సమాధానం రాకపోతే, ఈ లేఖ నకలు, ఫొటోలు, మీ తనిఖీ పత్రం తీసుకుని వినియోగదారుల వివాదాలు చూసే న్యాయస్థానానికి వెళ్తాను. రవాణా అధికారులకు కూడా ఇస్తాను.

మెకానిక్ చెప్పిన రోజు నుంచి బండిని నడపడం లేదు. విప్పిన ఎడమ బెల్టు చుట్ట, ఆ టేపు ముక్క మెకానిక్ సంతకంతో ఒక కవరులో భద్రంగా ఉంచాను. అవి మీకు ఇవ్వను, చూపిస్తాను. బండి తాళాలు రెండూ, కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఏ రోజు వచ్చి తీసుకెళ్తారో తెలియజేయండి.

ఇట్లు,
మీ వద్ద ఏడు సీట్ల వ్యాను కొన్న కొనుగోలుదారు